«మరి యంట»నా, «మరి యతుక»నా? వేమన మూడో పాదం గురించి

పల్చనిపూత:
పల్చటి పూతలు కింది ఆధారాన్ని వదిలి ఎందుకు లేచిపోతాయన్న సంగతి మీద తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. గాజు మీదో సిలికాన్ మీదో వేసిన కొన్ని పదుల నానోమీటర్ల లోహపు పొర, వేసినప్పుడు నున్నగానే ఉంటుంది. తర్వాత అంచు దగ్గర లేస్తుంది, లేదా నడుమ పొక్కి పెచ్చులుగా రాలుతుంది. వ్యాసం నెత్తిన వేమన పద్యం పెడదామని ఉంది. మొదటి రెండు పాదాలు నోటికొచ్చు:

ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు
కాచి యతుకనేర్చు గమ్మరీడు

మూడోది «మనసు విరిగెనేని మరి...» దాకా వచ్చి ఆగిపోతోంది. «మరి యతుక», «మరి యంట», «మరి చేర్చ»: మూడూ విన్నట్టే ఉంది. అంటుకోవడం వేరు, అతుక్కోవడం వేరు కాబట్టి నా వ్యాసానికి ఈ తేడా కావాలి. పనిలో పనిగా ఇలా పొర లేచిపోవడానికి, అంటే డీలామినేషన్‌కి ఒక మంచి మాట కూడా చెప్పి పుణ్యం కట్టుకోండి.

ఆటవెలది:
«మరియంట నేర్చునా». ఇందులో అనుమానం దేనికండీ? పాదం చివర రెండు ఇంద్రగణాలు రావాలి: «మరియంట» సలం, «నేర్చునా» రగణం, మ-మ యతి. «మరి యతుక నేర్చునా» అని చూడండి: «మరియతు» నలం అయిపోయాక «క నేర్చునా» మిగులుతుంది. లఘువు, గురువు, లఘువు, గురువు. అలాంటి ఇంద్రగణం ఎక్కడుంది? అతుకు ఇక్కడ పట్టదు.

శకటరేఫ:
«మరి యతుకగ రాదు» అని చదివి చూడండి ఆటవెలది గారూ. నలం, సలం. ఇబ్బందేమీ లేదు. «మరి చేర్చరాదయా» కూడా నిక్షేపంగా నడుస్తుంది. ఏది కుదరదో ఛందస్సు చెబుతుంది గానీ కవి ఏది అన్నాడో చెప్పదు. ఆ మాటకొస్తే రెండో పాదమే రెండు రకాలుగా ఉంది, «కాచి యతుకవచ్చు క్రమముగాను» అని చదువుకున్నవాళ్ళు ఎంతమంది లేరు! బ్రౌన్ 1829లో అచ్చువేసే నాటికే వేమన పద్యాలు రాతప్రతుల్లో తలో రకంగా ఉన్నాయి.

ఆటవెలది:
గణాలు కుదిరినంత మాత్రాన వేమన గొంతు పలకదు. «రాదు» అని తీర్పు చెప్పేసి పోయే రకం కాదాయన. «కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా» అని ప్రశ్న వేసి, జవాబు మన నెత్తిన పెట్టి పోతాడు. «అంట నేర్చునా» అన్నదాంట్లో ఆ విసురుంది.

శకటరేఫ:
«పిరికివాని మదిని బింకమీలాగురా» అన్నది ప్రశ్నా? తీర్పేగా.

నిఘంటుప్రియ:
మీ తగవు అలా ఉంచి అర్థం చూద్దాం. అంటు అంటే తాకు, తగులు, పట్టుకొను. పైపైన కలయిక. మసి అంటుతుంది, నూనె అంటుతుంది, తుడిస్తే పోతుంది. అతుకు అంటే రెండింటిని చేర్చి ఒకటి చేయడం, అది లోపలి కలయిక. ఇనుము అతుకుతుంది సరే, మనసు అతకడం మాట దేవుడెరుగు, పైపైన అంటను కూడా అంటదు అని కవి హృదయం. అప్పుడే రెండో పాదానికీ మూడో పాదానికీ మెట్టు తేడా వస్తుంది. రెండుచోట్లా అతుకే ఉంటే చప్పగా ఉంటుంది.

అభ్రకం:
నిఘంటుప్రియ గారూ, మా పనిలో తేడా అచ్చంగా ఇదే! గ్రాఫైట్ తీసుకోండి. ఒక్కో రేకు లోపల కార్బన్ పరమాణువులు గట్టి బంధాలతో అతుక్కుని ఉంటాయి. రేకుకీ రేకుకీ మధ్య ఎడం 0.335 నానోమీటర్లు, అక్కడున్నది వాన్ డెర్ వాల్స్ బలం అనే బలహీనమైన ఆకర్షణే. అంటే రేకు లోపల అతుకు, రేకుల మధ్య అంటు. ఆంద్రే గైమ్, కాన్‌స్టాంటిన్ నొవొసెలొవ్ 2004లో మామూలు అంటుటేపుతో రేకులు ఒలిచి గ్రాఫీన్ (గ్రాఫైట్‌లోని ఒంటి రేకు) చూపించగలిగారంటే, ఆ అంటు అంత బలహీనం కాబట్టే. 2010లో నోబెల్ వచ్చింది.

ఇక «అంట నేర్చునా» అన్న ప్రశ్నకి జవాబు 1930లోనే ఉంది. ఓబ్రెయిమోవ్ అనే ఆయన అభ్రకపు దిమ్మ అంచున గాజు ముక్కని మేకులా దూర్చి పల్చటి రేకు లేపాడు. మేకు వెనక్కి లాగితే చీలిక దానంతటదే మూసుకుని రేకు మళ్ళీ అంటుకుంది. గాలిలో కంటే శూన్యంలో చీల్చడానికి చాలా ఎక్కువ పని పట్టింది. ఎందుకంటే గాలిలో తెరుచుకున్న ముఖం మీద చెమ్మ, వాయువులు చేరి దాని ఆకలి తీర్చేస్తాయి. వేమన్నకి చెప్పాలి: అంటుతుంది స్వామీ, మధ్యలోకి ఎవరూ రాకపోతే!

నిఘంటుప్రియ:
«మధ్యలోకి ఎవరూ రాకపోతే» అన్నారు చూడండి, అదే పొరపొచ్చెం. స్నేహితుల మధ్య పొర వస్తే పొచ్చెం వస్తుంది. ఈ మాటలో ఉన్నది మీ పొరేనని నేను చాలాకాలంగా అంటున్నాను, ఎవరూ పట్టించుకోరు.

శకటరేఫ:
పట్టించుకోకపోవడానికి కారణం ఉంది. పొరపాటులోనూ పొరబడటంలోనూ ఏ పొర ఉందో ముందు చెప్పండి. అక్కడ పొర లేకపోతే పొరపొచ్చెంలోనూ ఉండనక్కర్లేదు.

నిఘంటుప్రియ:
కంటికి పొర కమ్మితేనే పొరబడతాం.

శకటరేఫ:
ఇలా అయితే పొరుగువాడు కూడా పొరలోంచే పుడతాడు.

కొలిమి:
అందరూ మూడో పాదం చుట్టూ తిరుగుతున్నారు గానీ, అసలు గుట్టంతా రెండో పాదంలో «కాచి» దగ్గరుంది. కమ్మరి ఇనుము కాచేది మెత్తబడటానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. (ఏ పొరో అడక్కండి.) వేడి ఇనుము మీద గాలి తగలగానే చిట్టెం (తుప్పు లాంటి పొర) కడుతుంది. అది మధ్యలో ఉండగా ఎంత సమ్మెటేసినా అతుకు పడదు. అందుకే ఇసకో వెలిగారమో చల్లుతారు. అది చిట్టెంతో కలిసి కరిగి జారుతుంది, దెబ్బకి బయటికి చిమ్ముతుంది. శుభ్రమైన ఇనుము శుభ్రమైన ఇనుముని తాకుతుంది, అతుకుతుంది. కాస్త చిట్టెం లోపల చిక్కుకుందా, పైకి బాగానే కనబడి తర్వాత అక్కడే పొరలుగా విడుతుంది. కాబట్టి వేమన అన్నది ఇది: ఇనుము మీది మలినం కాస్తే పోతుంది, మనసు మీది మలినానికి కొలిమి లేదు. అంటునో అతుకునో ఏదైనా పెట్టుకోండి.

అభ్రకం:
బాగుంది. కానీ కొలిమి గారూ, మలినమే లేకపోతే కాచే పనే లేదు. శూన్యంలో రెండు శుభ్రమైన బంగారు ముఖాల్ని కలిపి కాస్త నొక్కితే చల్లగానే అతుక్కుపోతాయి.

కొలిమి:
బంగారం చిట్టెం కట్టదు కాబట్టి దాని గొప్ప దానిది. ఇనుముతో మాట్లాడండి.

పల్చనిపూత:
అందరికీ దండాలు. బంగారం మాట వచ్చింది కాబట్టి: గాజు మీద బంగారాన్ని నేరుగా పూస్తే టేపుకే ఊడొస్తుంది. ఆక్సిజన్‌తో బంగారం పొత్తు పెట్టుకోదు. అందుకని ముందు క్రోమియమో టైటేనియమో కొద్ది నానోమీటర్లు వేసి, శూన్యం చెడకుండా వెంటనే దాని మీద బంగారం వేస్తాం. క్రోమియం కింద గాజులోని ఆక్సిజన్‌నీ పట్టుకుంటుంది, పైన బంగారాన్నీ పట్టుకుంటుంది. అంటే నడుమ పొర వస్తే ఎప్పుడూ పొచ్చెమే అనలేం, కలిపే పొర కూడా ఉంటుంది.

నా ఇబ్బంది «విరిగెనేని» దగ్గర కూడా ఉంది. పూత తనలో తాను పగలడం వేరు, కిందిదాన్ని వదిలెయ్యడం వేరు. లాగుడు ఒత్తిడిలో ఉన్న పూత పగుళ్ళు తీస్తుంది, అంచుల నుంచి లేస్తుంది. నొక్కుడు ఒత్తిడిలో ఉన్నది తావు చాలక పైకి పొక్కుతుంది, ఆ పొక్కు ఒక్కోసారి మెలికలు తిరిగిన వాగులా ముందుకు పాకుతుంది. లోపల దాచుకున్న శక్తి మందంతో పాటు పెరుగుతుంది: మందం రెట్టింపైతే రెట్టింపు, ఒత్తిడి రెట్టింపైతే నాలుగింతలు. ఆ శక్తి అంటుని విడదీసే ఖర్చుని మించినప్పుడు పూత లేస్తుంది. అందుకే పల్చగా ఉన్నంతకాలం బుద్ధిగా ఉండి, మందం పెంచగానే ఊడొచ్చేస్తుంది. గట్టిగా ఉంటుందని మందంగా పూసేవాళ్ళకి ఇది మింగుడుపడదు. దీన్ని «విరగడం» అనొచ్చా?

ఆటవెలది:
ఎందుకు అనకూడదు? పాలు విరుగుతాయి. అక్కడ ఏం పుల్ల విరిగింది? కలిసున్నవి విడిపోవడమే. మనసు విరగడం కూడా పాలు విరగడం లాంటిదే, ఇనుము విరగడం లాంటిది కాదు. ఒకే «విరుగు»ని మొదటి పాదంలో ఒక అర్థంలో, మూడో పాదంలో ఇంకో అర్థంలో వాడాడు మహానుభావుడు. అందుకే అక్కడ మళ్ళీ అతకడం కుదరదన్నాడు. విరిగిన పాలని కాస్తే ఏమవుతుందో తెలుసుగా!

శకటరేఫ:
ఇది బాగుంది. ఒప్పుకోను గానీ బాగుంది. «విరుగు»కి అంత పని చెబుతున్నారు, మరి «ఇనుమారు» సంగతేమిటి? రెండుసార్లు అనడానికి ఎన్ని మాటలు లేవు? ఇనుము పక్కన ఇనుమారు పెట్టడంలోనే ఉంది అసలు సొగసు. యతి కోసం వచ్చిందని తేల్చేస్తే అన్యాయం.

అభ్రకం:
వేమనకి లోహాల పని తెలుసని కథలు కూడా ఉన్నాయి కదా. అభిరాముడనే కంసాలి స్నేహితుడు, పరుసవేది, అదంతా. «విశ్వదాభిరామ»లో ఆ అభిరాముడే ఉన్నాడని నమ్మేవాళ్ళున్నారు.

శకటరేఫ:
ఆ మకుటం జోలికి వెళ్తే ఈ చర్చ తెల్లారదు. దానికి వేరే దారం తెరవండి.

అభ్రకం:
సరే, కంచు-కనకం పద్యం గురించి ఒక్క మాట చెప్పి ఊరుకుంటాను. పొరలు కలిపి చేసిన పలకల్ని నాణెంతో తట్టి పరీక్షిస్తారు. లోపల పొర విడిపోయిన చోట మోత మందంగా, బోలుగా వస్తుంది. చిప్పుల పైకప్పు కింద పొర లేచిందేమో చూడటానికి అదే పని అల్ట్రాసౌండ్‌తో చేస్తారు, గాలి దూరిన చీలిక దగ్గర ధ్వని వెనక్కి తిరిగొస్తుంది. మ్రోగునా అని అడిగిన వేమన్నకి ఇదీ చెప్పాలి.

పల్చనిపూత:
నా రెండో ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదు. డీలామినేషన్‌కి మాట?

నిఘంటుప్రియ:
స్తరవిచ్ఛేదం.

కొలిమి:
అది చదివితే పూత కంటే ముందు పాఠకుడు లేచిపోతాడు. పెచ్చులూడటం అని అందరికీ తెలిసిన మాట ఉండగా ఇదెందుకు?

పల్చనిపూత:
పెచ్చులూడటం ఆఖరి అంకం కదండీ. పూత ఆధారాన్ని వదిలినా రాలకుండా అక్కడే ఉండొచ్చు. పొక్కడం ముందు, పెచ్చు తర్వాత. పైగా మేం కావాలని విడదీసేవీ ఉన్నాయి. రాగి మీద పెంచిన గ్రాఫీన్‌ని రసాయన ద్రవంలో ముంచి, కరెంటిచ్చి, రాగి మీద పుట్టిన హైడ్రోజన్ బుడగలతో పైకి లేపుతారు. దాన్ని పెచ్చులూడటం అంటే పాపం.

ఆటవెలది:
కావాలని చేసేదానికి «కుబుసం విడవడం» ఉందిగా. ఎంత అందమైన మాట!

అభ్రకం:
అందమే కాదు, లెక్క కూడా కుదురుతుంది. పాము పాత చర్మానికీ కొత్త చర్మానికీ మధ్య ద్రవం ఊరాకే కుబుసం వదులుతుంది. చిప్పుల్లో వాడే గాలియం ఆర్సెనైడ్ పొరని కింది దిమ్మ నుంచి విడదీసేటప్పుడు మధ్యలో పల్చటి అల్యూమినియం ఆర్సెనైడ్ పొర ముందే పెట్టుకుని, దాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగిస్తారు. మధ్యది పోతుంది, పైది చెక్కుచెదరకుండా వస్తుంది. కాకపోతే పాము వదిలేసినదాన్ని మనం దాచుకుంటాం. గ్రాఫైట్ లాంటివాటికి మాత్రం «రేకు విప్పడం» నా ఓటు.

కొలిమి:
నా ఓటు «పొర లేవడం»కి. మేస్త్రీకీ తెలుసు, ప్రొఫెసరుకీ తెలుసు.

పల్చనిపూత:
నామవాచకంలా, సమాసంలో ఇమిడేలా కావాలి. «పొరవీడు» అనుకుంటున్నాను. పొరవీడు బలం, పొరవీడు హద్దు, అలా. వ్యాసంలో ప్రస్తుతానికి అదే పెట్టాను. పద్యం మాత్రం «మరియంట నేర్చునా» అని పెట్టి, పాఠాంతరం ఉందని కింద రాస్తాను.

శకటరేఫ:
«మరి యతుకగ రాదు» అని పైన పెట్టి, రెండోది కింద పెడితే బాగుంటుంది.

ఆటవెలది:
ఎవరికి?

నిఘంటుప్రియ:
అంటు-అతుకుల తేడా వ్యాసంలో పెట్టేటట్టయితే ఒక మెలిక ఉంది. అంటు కట్టిన కొమ్మ కింది మొక్కతో ఏకమై కాయలు కాస్తుంది. అక్కడ అంటు అంటే పైపైది కాదు, అతుకు కంటే లోతు. పైన నేను చెప్పినదానికి ఇది అడ్డం కాదు, అపవాదం (మినహాయింపు).

శకటరేఫ:
అపవాదమే నియమం కంటే పచ్చగా ఉంది!

కొలిమి:
పొరవీడు అని చదివితే నాకు «పొర, వీడు» అని ఎవడినో చూపిస్తున్నట్టుంది. వీడెవడు?

అరసున్న:
ఇంతసేపూ చదువుతూ ఊరుకున్నాను. ఈ మనిషి అనే అర్థంలో అది వీఁడు, అరసున్న ఉంది. వదలడం అనే వీడుకి లేదు. పట్టణం అనే వీడుకీ లేదు. అరసున్నలు అనవసరమని తీసేసినవాళ్ళే ఇప్పుడు వీడెవడని అడుగుతున్నారు.

కొలిమి:
పట్టణం అర్థం కూడా ఉందా? అయితే పొరవీడు అంటే పొరల ఊరు.

అరసున్న:
ఉంటే ఉండనివ్వండి. ముందు కమ్మరీఁడుకి అరసున్న పెట్టి పద్యం మళ్ళీ రాయండి, అప్పుడు మూడో పాదం మాట్లాడుకుందాం.