సరిహద్దు అవతల యుద్ధం జరుగుతుంటే, పక్క దేశంలో చదువుతున్న పిల్లలను వెనక్కి పిలిపించుకోవాలా?

తుంగభద్ర తీరం (కర్నూలు), జూన్ 20, 2025

మా అమ్మాయి ఆర్మేనియా రాజధాని ఎరెవాన్‌లో వైద్యవిద్య రెండో సంవత్సరం చదువుతోంది. ఈ నెల 13న ఇజ్రాయెల్ ఇరాన్ మీద దాడులు మొదలుపెట్టిన నాటి నుంచి మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించడం లేదు. ఆర్మేనియాకు దక్షిణ కొసన ఇరాన్‌తో సరిహద్దు ఉంది. "యుద్ధం ఇక్కడ కాదు నాన్నా, అక్కడ" అని ఆమె అంటుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరి మీద పడిన రోజు, "నీళ్లు మన వీధి దాకా ఎక్కడొస్తాయి" అని పొద్దున ధీమాగా కాఫీ తాగి, మధ్యాహ్నానికి మిద్దె మీద నిలబడినవాళ్లలో నేనూ ఒకడిని కనుక, ఆ మాట నాకు ఊరటనివ్వడం లేదు. ఇంకా మూడు పరీక్షలు మిగిలి ఉన్నా, ఇస్తాంబుల్, ఖతార్ రాజధాని దోహాల మీదుగా 23వ తేదీకి టికెట్ తీశాను. ఆమె రానంటోంది. పెద్దలు తమ అభిప్రాయం చెప్పవలసిందిగా కోరుతున్నాను.

సీమ మాస్టారు (అనంతపురం), జూన్ 20

మీ ఆందోళన అర్థమవుతోంది, కానీ మీ నిర్ణయంతో ఏకీభవించలేను. ఇరాన్‌లోని ఉర్మియాలో చదువుతున్న మన విద్యార్థులను ప్రభుత్వం ఆపరేషన్ సింధు కింద రోడ్డు మార్గాన సరిహద్దు దాటించి, ఎక్కడికి తీసుకువెళ్లింది? మీ అమ్మాయి ఉన్న ఎరెవాన్‌కే. అక్కడి నుంచి విమానమెక్కిన 110 మంది నిన్న ఢిల్లీలో దిగారు. యుద్ధంలోంచి బయటపడినవారికి ప్రభుత్వం ఆశ్రయంగా ఎంచుకున్న ఊరినుంచి, మీరు ఆమెను పారిపొమ్మంటున్నారు.

పైగా 2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ తెచ్చిన నిబంధనల ప్రకారం, విదేశంలో చదివి మన దేశంలో వైద్యం చేయాలంటే కనీసం 54 నెలల కోర్సు, ఆ పైన 12 నెలల ఇంటర్న్‌షిప్, రెండూ అదే విదేశీ సంస్థలో పూర్తి కావాలి. ఇంటికి వచ్చి ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే సరిపోయే చదువు కాదిది. చదువు మధ్యలో తెగితే ఎంత నష్టమో ఉక్రెయిన్ నుంచి వచ్చిన పిల్లలను అడిగి చూడండి.

కడప గడప (కడప), జూన్ 21

మాస్టారు అడగమన్నారు కనుక చెబుతున్నాను. నేను 2022లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో మూడో సంవత్సరం చదువుతుండేవాణ్ని. మీరిద్దరూ చెరో సగం నిజం మాట్లాడుతున్నారని నాకనిపిస్తోంది.

ఆ ఫిబ్రవరి 15న, అవసరం లేనివారు తాత్కాలికంగా దేశం విడిచి వెళ్లాలని మన రాయబార కార్యాలయం సూచించింది. 20న మళ్లీ చెప్పింది. 22న మరింత స్పష్టంగా, ఆన్‌లైన్ తరగతుల గురించి విశ్వవిద్యాలయాల నిర్ధారణ కోసం ఎదురుచూడకుండా బయలుదేరండని చెప్పింది. మా డీన్ కార్యాలయం మాత్రం హాజరు తగ్గితే బాధ్యత మీదేనంది. టికెట్ ధర రోజుకో రకంగా పెరిగింది. ఇంట్లో అడగడానికి మొహమాటపడి నేను వారం ఆగాను. 24 తెల్లవారుజామున గగనతలం మూసేశారు. ఆ తరువాతి దినచర్య నేలమాళిగలోనే: మూడు ఫోన్లకు ఒక్క ఛార్జర్, వంతులవారీగా పైకి వెళ్లి కుళాయి నీళ్లు పట్టుకురావడం, మా అమ్మ కట్టిచ్చిన శనక్కాయల పొడి మూతలో కొలిచి పంచుకోవడం. మార్చి 1న సరుకుల కోసం బయటికి వెళ్లిన కర్ణాటక హావేరి జిల్లా విద్యార్థి షెల్లింగ్‌లో చనిపోయాడు. మరుసటి రోజు, ఎలాగైనా వెంటనే ఖార్కివ్ విడవండని సందేశం వచ్చినప్పుడు, పెట్టెలు వదిలేసి ఊరి బయటున్న పిసోచిన్ దాకా నడిచాము.

కాబట్టి చదువు తెగుతుందన్న భయంతో కదలకుండా ఉండటం ఎంత ప్రమాదమో నాకు తెలుసు. కానీ మేము యుద్ధం జరిగే దేశంలోనే ఉన్నాము, ఆ అమ్మాయి పక్క దేశంలో ఉంది. ఈ తేడా చిన్నది కాదు. ఆర్మేనియాలోని మన రాయబార కార్యాలయం వెళ్లిపొమ్మని చెబితే, పరీక్ష మధ్యలో ఉన్నా లేచి రావాలి. అంతవరకు పాస్‌పోర్ట్, నివాస కార్డు, వారానికి సరిపడా డ్రాములు (అక్కడి డబ్బు) ఒకే సంచిలో పెట్టుకోమనండి. ఇంకొకటి: గల్ఫ్ నుంచి ఎరెవాన్‌కు మామూలుగా వెళ్లే దారి ఇరాన్ మీదుగానే. మీ టికెట్ ఇస్తాంబుల్ చుట్టూ తిరిగినా, దోహా ఉన్నది గల్ఫ్‌లోనే. ఇప్పుడున్న పరిస్థితిలో ఆ అమ్మాయి ప్రయాణంలో అన్నిటికంటే ప్రమాదకరమైన భాగం మీరు కొన్న టికెట్టేనేమో, ఆలోచించండి అన్నా.

ఎరెవాన్ విద్యార్థిని (స్వస్థలం ఆదోని), జూన్ 21

నేనూ ఇదే ఊళ్లో చదువుతున్నాను, అంకుల్. ఇక్కడ మా రోజు ఎలా గడుస్తుందో ఎవరూ అడగడం లేదు కనుక రాస్తున్నాను. ఇప్పుడు ఖుబానీ పండ్ల కాలం. హాస్టల్ మలుపులో ముసలావిడ బకెట్లతో పెట్టుకుని అమ్ముతోంది. మెట్రో నడుస్తోంది. గ్రంథాలయంలో కుర్చీ దొరకాలంటే తొమ్మిదిలోపు వెళ్లాలి. భయం లేదని అనను. మా ఇరానీ క్లాస్‌మేట్ ఇంటికి ఫోన్ కలవక, అనాటమీ అట్లాసు ఒకే పేజీ మీద గంటసేపు తెరిచిపెట్టుకుని కూర్చోవడం నిన్న చూశాను. ఆమె ముందు మా ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు ఎత్తడానికి మాకు సిగ్గేస్తోంది.

మీరు ఉదయం ఆరు గంటల వార్తలు చూసి ఫోన్ చేస్తే ఇక్కడ నాలుగున్నర. అర్ధరాత్రి దాకా చదివి పడుకున్నవాళ్లం ఉలిక్కిపడి లేస్తాము. మాకు ఇక్కడ ఇంతవరకు సైరన్ అంటే అదే. మమ్మల్ని రమ్మనాలా వద్దా అని పెద్దలు తేల్చేముందు, టికెట్ తీసేముందు, మాతో ఒకమాట అనుకోకూడదా?

తుంగభద్ర తీరం (కర్నూలు), జూన్ 22

అమ్మా, నువ్వన్నది నిజమే. టికెట్ తీశాకనే మా పాపకు చెప్పాను. అయినా మాస్టారు గారి వాదనలో ఒక లోపముంది. నిన్నటి ఆశ్రయం రేపు కూడా ఆశ్రయంగానే ఉంటుందన్న పూచీ ఎవరిస్తారు? 2020లో అదే ఆర్మేనియా కరాబాఖ్ ప్రాంతం కోసం పక్కనున్న అజర్‌బైజాన్‌తో 44 రోజులు యుద్ధం చేసింది కదా.

సీమ మాస్టారు (అనంతపురం), జూన్ 22

పూచీ ఎవరూ ఇవ్వరు. ఆ 44 రోజుల పోరు ప్రధానంగా కరాబాఖ్‌లోనే జరిగింది. అయితే, నిబంధన గురించి నేను రాసిన పేరాలో ప్రాణం కంటే హాజరు ముఖ్యమన్నట్టు ధ్వనించింది. అది నా పొరపాటు. ఖార్కివ్ బాబు రాసింది చదివాక దిద్దుకుంటున్నాను. టికెట్ విషయంలో మాత్రం నా మాట మారదు.

తుంగభద్ర తీరం (కర్నూలు), జూన్ 24

నిన్న రాత్రి ఖతార్‌లోని అమెరికా స్థావరం మీద ఇరాన్ క్షిపణులు ప్రయోగించింది. అంతకు కొద్దిసేపటి ముందే ఖతార్ గగనతలం మూసేసింది. నేను కొన్న టికెట్ ప్రకారం మా పాప ఆ సమయానికి దోహా విమానంలో ఉండాలి. ఆదివారం సాయంత్రం ఆమె ఏడ్చి, నేను అరిచి, చివరికి వాళ్లమ్మ మధ్యలో పడి ఆ ప్రయాణం మానిపించింది. నా ఆలోచన వల్ల కాదు.

ఈ రోజు కాల్పుల విరమణ అంటున్నారు, నిలుస్తుందో లేదో చూడాలి. పరీక్షలు జూలై మొదటి వారానికి అయిపోతాయి, ఆ తరువాత సెలవులకు వస్తానని ఆమే చెప్పింది. కడప బాబు చెప్పిన సంచి సర్ది ఫొటో పంపింది. ఫోన్ వేళ మన రాత్రి తొమ్మిదికి మార్చుకున్నాము.