కడియం నర్సరీ వాళ్లం హైదరాబాద్ బిల్డర్ల పనులు పట్టుకోవచ్చా? నాన్న వద్దంటున్నారు

పులంక_కుర్రాడు:
మాది కడియపులంక దగ్గర నర్సరీ. నాన్న, బాబాయి కలిసి నడుపుతారు. సొంత భూమి కొంచెమే, మిగతాదంతా కౌలు. నేను హైదరాబాద్‌లో ఉండి కొన్నాళ్లుగా విల్లాలకు, చిన్న ఆఫీసులకు లాండ్‌స్కేపింగ్ చేస్తున్నాను. మొక్కలు ఇంటి నుంచే లారీలో వస్తాయి. ఇప్పుడు తెల్లాపూర్ వైపు ఒక బిల్డర్ పోడియం గార్డెన్, రోడ్ల పక్కన చెట్లు, ఏడాది మెయింటెనెన్స్ అన్నీ కలిపి ఇస్తానంటున్నాడు. ఇప్పటిదాకా చేసిన పనులన్నీ కలిపినా ఇంత ఉండవు. అడ్వాన్స్ 10 శాతం, తర్వాత పని జరిగినకొద్దీ బిల్లులు. ఆఖర్న 10 శాతం రిటెన్షన్ అని ఏడాదిపాటు ఆపుతారు.

నాన్నది ఒకటే మాట: "అరువు పని మనకొద్దు. లారీ కదిలే ముందు డబ్బు పడాలి." ఆయన రోజుల్లో అది చెల్లింది. ఇప్పుడు కడియంలో ఏ నర్సరీలో చూసినా అవే మొక్కలు, ఒకరి మీద ఒకరు రేటు తగ్గించుకుంటున్నారు. మొక్క అమ్మేసి ఊరుకుంటే మిగిలేది తక్కువ, నాటి నిలబెట్టి అప్పగిస్తే మిగిలేది ఎక్కువ. ఎదగాలంటే ఇదే దారి అని నా వాదన. ఈ పని చేసినవాళ్లు చెప్పండి.

ఎర్రమట్టి:
మీ నాన్నగారు చెప్పిందే నిజం తమ్ముడూ. ఈ పనిలో జుట్టు నెరిసినవాణ్ణి, చెప్తున్నా విను. పోడియం అంటే కింద పార్కింగ్, పైన శ్లాబు, దాని మీద అడుగున్నర, రెండడుగుల మట్టి. వాటర్‌ప్రూఫింగ్ ఒకడు చేస్తాడు, నీళ్లు జారిపోవడానికి డ్రెయిన్ సెల్ పలకలు ఇంకొకడు పరుస్తాడు, దాని మీద నువ్వు మట్టి పోసి మొక్క పెడతావు. రేపు కింద ఎవరి కారు మీదో నీళ్లు కారితే ముగ్గురిలో దొరికేది నువ్వే. ఆఖర్న అక్కడ గునపం పట్టింది నీ మనుషులు కదా. నాకు అదే జరిగింది. వాటర్‌ప్రూఫింగ్ పొర చిరిగిందని రాసి ఆఖరి బిల్లు, రిటెన్షన్ రెండూ ఆపేశారు. ఈలోగా ఫ్లాట్ల ఓనర్ల అసోసియేషన్ ఏర్పడింది. బిల్డర్‌ని అడిగితే అసోసియేషన్ ఇస్తుందంటాడు. వాళ్లని అడిగితే నీకు పని ఇచ్చింది మేమా అంటారు. కూలీలకు మాత్రం నేను ప్రతి శనివారం ఇవ్వాల్సిందే. మా ఆవిడ గాజులు బ్యాంకులో పెట్టి ఇచ్చాను.

ఇంకోటి. మీ వైపు నుంచి వచ్చే పెద్ద మొక్కల వేళ్ల చుట్టూ బంకమట్టి ముద్ద ఉంటుంది. ఎర్రమట్టి, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కలిపిన గుంటలో ఆ ముద్దని అలాగే దించితే నీళ్లు పక్కల నుంచి జారిపోతాయి. పైన తడిగానే కనిపిస్తుంది, ముద్ద లోపల రాయిలా ఎండి ఉంటుంది. వేలు దింపి చూస్తే తప్ప తెలీదు. మార్చి దాటిందంటే ఫాక్స్‌టెయిల్ పామ్ ఆకులు చివర్ల నుంచి మాడటం మొదలు. చచ్చిన ప్రతి మొక్కా నీ ఖర్చుతో మార్చాలి, అగ్రిమెంటులో ఉంటుంది చూసుకో.

నీడచెట్టు:
ఏ పనైనా చేయండి, కోనోకార్పస్ చెట్లు మాత్రం పెట్టకండి. తెలంగాణలో 2022లోనే ప్రభుత్వం వద్దంది. ఇప్పటికీ గోడ పక్కన వరసగా పెట్టమని అడిగేవాళ్లు ఉన్నారు.

బిల్లుబుక్కు:
ముందు బిల్లు ఎలా వేస్తారో చెప్పండి. ఉత్తి మొక్క అమ్మితే జీఎస్‌టీ లేదు. మట్టి, నాటడం, మెయింటెనెన్స్ అన్నీ కలిపి ఒకే కాంట్రాక్టుగా రాసుకుంటే అది సేవ కిందికి పోతుంది, 18 శాతం. బిల్డర్ ఇచ్చిన కాగితంలో 'పన్నులతో కలిపి' అని ఉందా, 'పన్నులు అదనం' అని ఉందా?

పులంక_కుర్రాడు:
ఎర్రమట్టి గారూ, మొక్కలు తెచ్చి సైట్‌లో గ్రీన్‌నెట్ కింద కొన్నాళ్లు ఉంచి, ఎండకి అలవాటు చేశాకే నాటుతున్నాం. ముద్ద అంచులు గీరి దించుతున్నాం. పోతున్నవి తక్కువే. అయినా మొక్క చస్తే మార్చడానికి మాకేం, నర్సరీ మాదే.

బిల్లుబుక్కు గారూ, 'పన్నులతో కలిపి' అనే ఉంది. మొక్కలకో బిల్లు, పనికో బిల్లు పెడదామనుకుంటున్నా.

డ్రిప్పులైను:
చెయ్యండి అంటాను నేను. అందరూ భయపెట్టేవాళ్లే, దారి చెప్పేవాళ్లు లేరు. మీ ఫర్మ్‌కి ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థగా కేంద్రం దగ్గర నమోదు) చేయించుకోండి, ఖర్చేం లేదు. చిన్న సంస్థకి 45 రోజుల్లోపు డబ్బు ఇవ్వాలని 2006 చట్టంలోనే ఉంది. రాతపూర్వక ఒప్పందం లేకపోతే 15 రోజులే. ఆలస్యం చేస్తే రిజర్వ్ బ్యాంక్ ప్రకటించే 'బ్యాంక్ రేటు'కి మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. అంతకంటే పనికొచ్చేది ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) అని పేరు పడిన నిబంధన. 2024 ఏప్రిల్ నుంచి ఉంది. గడువు దాటించి మీ డబ్బు ఆపితే, అది చెల్లించేదాకా బిల్డర్ ఆ ఖర్చుని ఆదాయపు పన్ను లెక్కలో చూపించుకోలేడు. మార్చి నెల వస్తే వాళ్ల అకౌంటెంటే ఫోన్ చేసి బిల్లులు సర్దుతాడు. మా సైట్లలో చూస్తున్నాను.

అగ్రిమెంటులో రెండు మాటలు రాయించండి. మట్టి పోసే ముందు శ్లాబు మీద నీళ్లు నిలబెట్టి టెస్ట్ చేసి, వాటర్‌ప్రూఫింగ్ వాడి సంతకంతో మీకు అప్పగించాలి. మెయింటెనెన్స్ నీళ్లు, కరెంటు బిల్డర్‌వే.

ఎర్రమట్టి:
సంతకం చేయించు అన్నంత తేలిక కాదు. మట్టి లారీలు గేటు దగ్గర నిలబడి ఉంటాయి, సైట్ ఇంజనీర్ టెస్ట్ తర్వాత చూద్దాం ముందు దించు అంటాడు. కాదంటే లారీ వెయిటింగ్ నీ మీద. ఇక చట్టం సంగతి. చిన్న సంస్థల బాకీలకి ప్రభుత్వం పెట్టిన పోర్టల్‌లో కేసు వేస్తే డబ్బు రావచ్చు. ఆ బిల్డరే కాదు, అతని పక్క బిల్డర్ కూడా మళ్లీ పిలవడు.

డ్రిప్పులైను:
డబ్బు ఇవ్వని బిల్డర్ మళ్లీ పిలవకపోతే నష్టమేంటండీ?

పచ్చిక_99:
కొరియన్ గడ్డి చదరపు అడుగు ఎంతకి పరుస్తున్నారు ఇప్పుడు?

బిల్లుబుక్కు:
రెండు బిల్లుల మాట ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. వర్క్ ఆర్డర్ ఒకటే ఉంచి బిల్లులు రెండు చేస్తే జీఎస్‌టీ ఆఫీసర్ ఒప్పుకుంటాడన్న నమ్మకం లేదు. ఆర్డర్లే విడివిడిగా ఉండాలి. అప్పుడు మొక్కల బిల్లు ఎవరి పేరు మీద? నాన్నగారి నర్సరీ పేరా, మీ ఫర్మ్ పేరా?

పులంక_కుర్రాడు:
నా ఫర్మ్ పేరే. ఇప్పటిదాకా అన్నీ అలాగే వెళ్లాయి. డ్రిప్పులైను గారూ, ఆ టెస్ట్ ఎన్ని గంటలు నిలబెట్టమని రాయాలి?

డ్రిప్పులైను:
48 గంటలని రాయించండి. మేం అలాగే రాయిస్తాం.

బిల్లుబుక్కు:
మీ ఫర్మ్ పేరున బిల్లు వెళ్లిందంటే మీ ఫర్మ్ ఆ మొక్కల్ని నర్సరీ దగ్గర కొన్నట్టు కాగితం ఉండాలి. ఉందా?

మల్లెపందిరి:
ఆయన అడిగేది నేను సూటిగా అడుగుతాను. ఇప్పటిదాకా దిగిన లారీలకి మీ నాన్నగారికి, బాబాయిగారికి ఎంత కట్టారు?

పులంక_కుర్రాడు:
ఇంటి మొక్కలకి ఇంటివాడు డబ్బు కట్టడమేంటండీ? నాకు వచ్చిందంతా చివరికి ఇంటికే కదా.

మల్లెపందిరి:
వచ్చిందా ఇంటికి? నగరంలో గది అద్దె, బండి కిస్తీ, కూలీల డబ్బు పోగా ఎంత పంపారు? మిమ్మల్ని కించపరచాలని కాదు, నాకు తెలిసిన కథ కాబట్టి అడుగుతున్నా.

మా అత్తగారి వైపు విజయవాడలో గార్డెన్ మెయింటెనెన్స్ పని. మావారు, ఇద్దరు మరుదులు సైట్లు చూసేవాళ్లు. కొటేషన్లు, మాలీల హాజరు, జీతాలు, పీఎఫ్, ఏ అపార్ట్‌మెంట్ ఎంత బాకీ, అన్నీ నేనే. సెక్రటరీలకి ఫోన్ చేసి బాకీ వసూలు చేసింది కూడా నేనే, మగవాళ్లకి మొహమాటం కాబట్టి. అన్నదమ్ములు పంచుకున్న రోజున ఆటో లెక్కలోకి వచ్చింది, గడ్డి కోసే మెషిన్లు వచ్చాయి, షెడ్డులో మిగిలిన కుండీలు కూడా వచ్చాయి. నా పని దగ్గరికి వచ్చేసరికి "నువ్వు ఇంటి మనిషివి కదమ్మా" అన్నారు. అందుకే ఇంటివే అన్న మాట వింటే నాకు మండుతుంది. మూడేళ్లు పెంచిన రాయల్ పామ్ ఊరికే రాలేదు. మూడేళ్ల కౌలు ఉంది దాని కింద, నీళ్లు పెట్టిన కూలి ఉంది. మీ బాబాయి భాగం ఉంది.

పులంక_కుర్రాడు:
మీ ఇంట్లో జరిగిందానికి నన్నెందుకు నిలదీస్తున్నారు? నేను బిల్డర్ పని గురించి అడిగాను. మా బాబాయికి నా మీద ఏ కోపం లేదు. ఎండలో సైట్‌లో నిలబడేది నేను, బిల్డర్ ఆఫీసులో గంటలు గంటలు కూర్చునేది నేను. ఊళ్లో కూర్చుంటే ఈ మొక్కలు ఈ రేటుకి పోయేవా?

ఎర్రమట్టి:
ఇందులో మాత్రం కుర్రాడి పక్షమే నేను. అరువు పని వద్దన్నాను గానీ, ఇంట్లోవాళ్లు ఒకరికొకరు బిల్లులు ఇచ్చుకోవడం మొదలుపెడితే ఇక కుటుంబం ఎందుకు? మా నాన్న దగ్గర నేను జీతం అడిగానా? మావాడు అడిగాడు. ఇదంతా నీదే కదరా, నీ డబ్బు నువ్వే అడుగుతావేంటిరా అన్నాను. వెళ్లిపోయి ఎవరి దగ్గరో సైట్ సూపర్‌వైజర్‌గా చేరాడు. అక్కడ చేసేదీ ఇదే పని. వాడు ఉండి ఉంటే ఆ పోడియం దగ్గర రోజూ ఒక కన్ను ఉండేది, నా మీద ఆ నింద పడేది కాదు.

మల్లెపందిరి:
అన్నగారూ, మీ అబ్బాయి అక్కడికెందుకు వెళ్లాడు? అక్కడ నెల తిరిగేసరికి జీతం ఇస్తున్నారు కాబట్టి. ఇదంతా నీదే అనే మాటతో వాడు నెల ఎలా గడుపుకోవాలి?

ఎర్రమట్టి:
మీకు మా ఇంటి సంగతి తెలీదు. వదిలేయండి.

డ్రిప్పులైను:
అసలు ప్రశ్న బిల్డర్ పని గురించి. దారి తప్పుతున్నాం.

బిల్లుబుక్కు:
దారి తప్పలేదు, ఇప్పుడే దారిలోకి వచ్చింది. నేను మొదట్నుంచీ కాగితం కాగితం అంటోంది ఇందుకే. నర్సరీలో సొంతంగా పెంచిన మొక్కల మీద వచ్చే ఆదాయం వ్యవసాయ ఆదాయం కిందే లెక్క. చట్టంలో స్పష్టంగా రాశారు. లాండ్‌స్కేపింగ్ కాంట్రాక్టు మీద వచ్చేది వ్యాపార ఆదాయం, పన్ను కట్టాలి. ఈ అబ్బాయి ఊరికే మొక్కలు తెచ్చుకుంటే అతని పుస్తకంలో మొక్కల ఖర్చు సున్నా. బిల్డర్ ఇచ్చినదాంట్లో మొక్కల విలువ కూడా లాభంగా కనిపిస్తుంది, దాని మీద పన్ను పడుతుంది. అదే నర్సరీకి బజారు రేటు ప్రకారం బ్యాంకులో కడితే ఇక్కడ ఖర్చు, అక్కడ వ్యవసాయ ఆదాయం. బంధువులకి కట్టేది బజారు రేటు మించకూడదు, అంతే. బయట కొని తెచ్చి అమ్మిన మొక్కలకి ఇది వర్తించదు, అవి వేరుగా రాయాలి. మల్లెపందిరి గారు అడిగిన న్యాయం, నేను అడిగిన బిల్లు రెండూ ఒకటే.

మల్లెపందిరి:
ఒకటి కాదండీ. మీరు పన్ను తగ్గుతుందని చెప్తున్నారు. పన్ను పెరిగినా సరే కట్టాలంటున్నాను నేను.

పులంక_కుర్రాడు:
ఇంత దూరం వచ్చింది కాబట్టి చెప్తున్నా. నాన్న వద్దంటోంది అరువు గురించే అనుకుంటూ వచ్చాను. పోయిన సంక్రాంతికి బాబాయి కౌలు కట్టడానికి బయట అప్పు తెచ్చారు. అదే నెల నేను రెండు లారీలు పామ్‌లు దింపించుకున్నాను. ఊళ్లో ఒక వ్యాపారి వాటికి చేతిలో డబ్బు పెట్టి తీసుకుంటానన్నాడట, నా కోసం ఆపారు. ఎవరూ నాతో అనలేదు, పిన్ని అమ్మతో అంటే తెలిసింది. ఈ పోడియం పడితే నర్సరీలో ఉన్న పెద్ద మొక్కల్లో సగం ఇటే వచ్చేస్తాయి. నాన్న భయం అదేమో.

కానీ ఒక మాట. మొక్కలకి బజారు రేటు కడితే ఈ కొటేషన్‌లో నాకేమీ మిగలదు. మొక్క ఇంటిదని లెక్కేసుకునే ఆ రేటు ఇచ్చాను. పక్కవాళ్లు కూడా అలాగే ఇస్తున్నారు.

డ్రిప్పులైను:
పక్కవాళ్లందరూ అలాగే ఇస్తున్నారు కాబట్టే ఈ పనిలో రేటు లేవడం లేదు. నేను బయట నర్సరీల నుంచి డబ్బు పెట్టి కొని పనిచేస్తాను. మీలాంటివాళ్ల కొటేషన్ పక్కన నాది ఎప్పుడూ ఎక్కువగా కనిపిస్తుంది. మీ బాబాయి అప్పు చేసి నింపుతున్న తేడా అది, బిల్డర్ జేబులోకి పోతోంది. ఈ కోపం నాకు చాలాకాలంగా ఉంది, ఇప్పటికి మాటల్లోకి వచ్చింది.

ఎర్రమట్టి:
రేటు పెంచితే పని పక్కవాడికి పోతుంది. ఇంట్లో లెక్కలు తేల్చుకుంటూ కూర్చునేవాడికి ఈ నగరంలో పని దొరకదు.

పులంక_కుర్రాడు:
బాబాయికి ఫోన్ చేశాను. నేను తెప్పించుకున్న ప్రతి లారీ ఆయన నోట్‌బుక్‌లో ఉంది. తేదీ, ఏ మొక్క ఎన్ని, ఆ రోజు ఊళ్లో రేటు ఎంత, అన్నీ. ఎప్పుడు అడుగుతావోనని రాసిపెట్టాను అన్నారు. పేజీలు ఫొటో తీసి పంపించమన్నాను.

బిల్డర్‌కి సోమవారం జవాబు చెప్పాలి. మొక్కలు బజారు రేటుకి వేసి కొత్త కొటేషన్ ఇస్తున్నాను. రెండు ఆర్డర్లు విడిగా అడుగుతాను, నర్సరీ బిల్లు నాన్న, బాబాయి పేరు మీదే, దానికి లారీ కదిలే ముందే డబ్బు. నాటే పని వరకు అరువు నేను మోస్తాను. పాత లారీల బాకీ ఒకేసారి తీర్చే స్తోమత నాకు లేదు, నెలకి కొంత కడతాను. దీనికి నాన్న ఏమంటారో ఇంకా అడగలేదు.

మల్లెపందిరి:
ఆ నెలనెలా కట్టేది బాబాయి అప్పు వడ్డీకి సరిపోతుందా, ముందు అది అడగండి.

ఎర్రమట్టి:
మొక్కలకి ముందే డబ్బు ఇచ్చే బిల్డర్ ఎవరో దొరికితే పేరు చెప్పు, నేనూ వెళ్తాను పనికి.

బిల్లుబుక్కు:
కొత్త కొటేషన్‌లో పనికి సంబంధించిన ఆర్డర్ మీద 'పన్నులు అదనం' అని రాయండి. పోయినసారి రాయలేదు మీరు.