జరగని సంగీతం క్లాసులకు గ్రేడులు ఎలా వేయాలి?

ప్రశ్న: సంగీతం టీచర్, మల్కాజ్‌గిరి

అందరికీ నమస్కారం. రామ్‌కోఠి త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో గాత్రం డిప్లొమా చేశాను. తొమ్మిదేళ్లుగా ఒక ప్రైవేటు స్కూల్లో సంగీతం చెబుతున్నాను. మాది స్టేట్ సిలబస్.

ఆరు నుంచి తొమ్మిది దాకా సెక్షనుకు వారానికి ఒక సంగీతం పీరియడ్ టైమ్‌టేబుల్లో ఉంది. ఉందే గానీ నా చేతికి అందదు. నేను డైరీ రాసుకుంటాను కాబట్టి లెక్క చెప్పగలను. ఎనిమిదో తరగతి బి సెక్షనుకు జూన్ నుంచి ఫిబ్రవరి దాకా జరిగినవి 11 క్లాసులు. మిగతావన్నీ స్లిప్ టెస్టులకీ, ఐఐటీ ఫౌండేషన్‌కీ పోయాయి. నేను తలుపు దగ్గరకు వెళ్లేసరికి లెక్కల సార్ బోర్డు మీద సగం రాసేసి ఉంటారు. "ఈ ఒక్కరోజుకీ మేడమ్" అంటారు. ఆయన మీద నాకు కోపం లేదు. సిలబస్ పూర్తి కాకపోతే ఆయన్నే నిలబెట్టి అడుగుతారు.

మొన్న శుక్రవారం ఆఫీసు నుంచి షీటు వచ్చింది. ప్రోగ్రెస్ కార్డులో కళలు, సాంస్కృతిక విద్య అని ఒక గడి ఉంటుంది కదా, అందులో 42 మందికి గ్రేడులు వేసి సోమవారానికి ఇమ్మన్నారు. "అందరికీ ఏ వేసేయండి మేడమ్, ఎవరడుగుతారు" అన్నారు. ఆ మాట దగ్గరే ఆగిపోయాను. లెక్కల షీటు ఇచ్చి ఎవరితోనైనా ఇలా అంటారా?

ఆ సెక్షన్లో ఒక అబ్బాయి ఉన్నాడు. చివరి బెంచీ, ఏ క్లాసులోనూ నోరు విప్పడు. ఈ ఏడాది జరిగిన వాటిలో నాలుగో క్లాసు రోజు ఆది తాళం నేర్పాను. ఒక దెబ్బ, మూడు వేళ్లు లెక్క, తర్వాత రెండుసార్లు దెబ్బ వేసి తిప్పడం, మొత్తం ఎనిమిది అక్షరాలు. సంగీతంలో మొట్టమొదట నేర్పే సరళీ స్వరాల మొదటి వరస మొదటి కాలంలో, అంటే దెబ్బకు ఒక స్వరం చొప్పున, అందరూ బాగానే పాడారు. రెండో కాలం, అంటే దెబ్బకు రెండు స్వరాలు, ఎత్తుకోగానే సగం మందికి పాటతో పాటు చెయ్యీ పరుగెత్తింది. వాడి చెయ్యి మాత్రం కదల్లేదు, ఉన్న నడకలోనే ఉంది. మూడో కాలం అయ్యాక తనంతట తానే అన్నాడు: "మేడమ్, దెబ్బ అదే, దానిలో స్వరాలే నాలుగు పడుతున్నాయి." తర్వాత మూడు వారాలు ఆ క్లాసు దొరకలేదు. వరండాలో కనబడితే తొడ మీద తాళం వేసి చూపిస్తాడు.

డిసెంబరులో యాన్యువల్ డే అంటే మాత్రం మూడు వారాలు రోజంతా నాకే ఇస్తారు. అప్పుడు స్టేజీ ఎక్కేది బయట ట్యూషన్‌లో నేర్చుకున్న పదిమందే. తక్కినవాళ్లు కింద కూర్చుని చప్పట్లు కొడతారు.

గ్రేడులు వేయనని చెప్పాలా? ప్రిన్సిపాల్ మేడమ్‌తో ఎలా మాట్లాడాలి? ఈ ఉద్యోగం నాకు అవసరం. అందుకే ముందు ఇక్కడ అడుగుతున్నాను.

జవాబు: డ్రాయింగ్ టీచర్, కూకట్‌పల్లి

మేడమ్, మాది సీబీఎస్‌ఈ. ఒకటి నుంచి పన్నెండు దాకా ఆర్ట్ తప్పనిసరి, వారానికి కనీసం రెండు పీరియడ్లు ఇవ్వాలని బోర్డు 2019లోనే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానమైతే కళలు, సైన్సు అని గీత గీయొద్దంటుంది. ఆరు నుంచి ఎనిమిది తరగతుల్లో వందమందికి పైగా పిల్లలుంటే కళలకు పార్ట్‌టైమ్ టీచర్ ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూల్లోనే ఉంది.

ఇవన్నీ ప్రింట్ తీసి నేనూ ఒకసారి పట్టుకెళ్లాను. మర్యాదగా తీసుకుని ఫైల్లో పెట్టుకున్నారు. తర్వాత సైన్సు ప్రాజెక్టుకు రంగు చార్టు అంటిస్తే అదే ఆర్ట్ అని లెక్క రాసుకున్నారు. రూల్ తెలిసి ఉండాలి, కానీ ముందు అది తీయకండి. మీ డైరీ ముందు పెట్టండి. తేదీలు కళ్లముందు ఉంటే కాదనడం కష్టం.

జవాబు: ఒక అమ్మ, నాచారం

మీ ప్రశ్న చదివి నిన్న రాత్రి నిద్ర పట్టలేదండీ. మా పాప ఏడో తరగతి. పేరెంట్స్ మీటింగ్‌లో లెక్కల టేబుల్ దగ్గర ముప్పావుగంట నిలబడ్డాను. సంగీతం మేడమ్ టేబుల్ దగ్గర ఒక్కరూ లేరు. నేనూ వెళ్లలేదు. మేం అడగనిది వాళ్లు ఎందుకు ఇస్తారు?

మా పాప శనివారాలు చిక్కడపల్లిలో నేర్చుకుంటోంది. ఫీజు కట్టగలం, బండి మీద దింపగలం కాబట్టి సాగుతోంది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో బాలభవన్ ఉన్నా బడి వదిలాక ఇంత దూరం నుంచి పిల్లల్ని తీసుకెళ్లేదెవరు? మా పక్కింటి బాబుకు వాళ్ల స్కూల్లో ఉన్న ఆ ఒక్క పీరియడే దిక్కు. దాన్నీ తీసేసుకుంటే వాడికి గొంతు ఉందన్న సంగతి వాడికే తెలియదు.

మీ పిల్లల తల్లుల్లో ఇద్దరు ముగ్గురితో మాట్లాడండి. మీటింగ్ రిజిస్టర్లో "సంగీతం క్లాసులు ఎన్ని జరిగాయి?" అని ఒక్క లైను రాయమనండి. ఫీజు కట్టేవాళ్లు అడిగితే ఆ మాటకు విలువ వేరు.

జవాబు: రిటైర్డ్ హెడ్మాస్టర్, ఉప్పల్

అమ్మా, నేను ప్రభుత్వ హైస్కూల్లో హెడ్మాస్టర్‌గా చేశాను. మీ ప్రిన్సిపాల్ కుర్చీలో నేనూ కూర్చున్నాను, అదే తప్పు నేనూ చేశాను. మీటింగుకు వెళ్తే పదో తరగతి ఎంత శాతం అని అడిగేవారు, డ్రాయింగ్ ఎన్ని పీరియడ్లు జరిగిందని నా సర్వీసులో ఒక్కరు అడగలేదు. అందుకని నవంబరు రాగానే ఆ పీరియడ్లు లెక్కలకు ఇచ్చేసేవాణ్ని. మా డ్రాయింగ్ మాస్టారు ఏమీ అనకుండా రిజిస్టర్లో సంతకం పెట్టి వెళ్లిపోయేవారు. ఆయనతో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడాల్సింది.

షీటు వెనక్కి ఇవ్వకండి, అందరికీ ఏ కూడా వేయకండి. పైన "జరిగిన క్లాసులు 11" అని రాసి, ఆ పదకొండింటిలో మీరు చూసినదానికే గ్రేడు వేయండి. తేదీ, సంతకం పెట్టి కాపీ మీ దగ్గర ఉంచుకోండి. మేడమ్‌ను నలుగురి ముందు అడగొద్దు, స్కూలు వదిలాక ఒంటరిగా కలవండి. అడిగేది ఒక్కటే ఉండాలి: సంగీతం పీరియడ్ ఎవరైనా తీసుకుంటే అదే వారంలో తిరిగి ఇవ్వాలి, ఆ సంగతి సబ్‌స్టిట్యూషన్ రిజిస్టర్లో రాయాలి. ఆవిడ చేతిలో ఉన్నది అంతవరకే, మిగతాది కరస్పాండెంట్ గారి చేతిలో ఉంటుంది.

ప్రశ్న అడిగిన టీచర్:

సార్, మీరు చెప్పినట్టే సోమవారం సాయంత్రం వెళ్లాను. షీటు పైన 11 అని చూసి "ఇదేంటి?" అన్నారు. డైరీ తీసి చూపించాను. మేడమ్ పేజీలు తిప్పుతూ చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత "కరస్పాండెంట్ గారితో మాట్లాడాలి" అన్నారు. ఈలోగా పరీక్షల దాకా ఎనిమిది బికి గురువారం మూడో పీరియడ్ ఎవరికీ ఇవ్వొద్దని నా ముందే రిజిస్టర్లో రాశారు.

నిన్న గురువారం. వెళ్లేసరికి బోర్డు ఖాళీగా ఉంది. సరళీ తర్వాత వచ్చే జంట స్వరాలు, అంటే స్వరాన్ని రెండేసి సార్లు పాడే వరసలు, మొదలుపెట్టాం. ఆ అబ్బాయిని ముందు బెంచీకి పిలిచి తాళం వేయమన్నాను, 42 మందీ వాడి చెయ్యి చూసి పాడారు.

మిగతా సెక్షన్ల సంగతి తేలలేదు. తొమ్మిదో తరగతి షీటు ఇంకా నా దగ్గరే ఉంది. వాళ్లకు జరిగినవి మూడే క్లాసులు. పైన మూడు అనే రాసి ఇస్తాను.