ఇత్తడి స్క్రూలు తీసేసి రాగి మేకులకు మారాలా?

ప్రశ్న: 14 అడుగుల తెడ్ల పడవ ఒక్కణ్ణే కడుతున్నాను. పలకలు 9 మి.మీ. మందం, ఒకదాని అంచు మీద ఇంకోటి 20 మి.మీ. ఎక్కుతుంది. రెండు వరసలు ఇత్తడి స్క్రూలతో బిగించాను. ఒక పలక చివర సన్నగా చీలింది. ఉప్పునీళ్ళలో తిరగాల్సిన పడవ. ఇలాగే కానిచ్చేయనా?

జవాబు: వద్దండీ, అక్కడితో ఆపండి. ఉప్పునీళ్ళలో ఇత్తడిలోంచి జింకు కరిగిపోతుంది. నా పాత పడవలో ఓ స్క్రూ విప్పబోతే తల ఊడి చేతికొచ్చింది. విరిగిన చోట పసుపు పోయి గులాబీ రంగు, గోరుతో గీకితే పొడి. పైకి మాత్రం నిక్షేపంగా కనిపించింది! పైగా మీ పలకల్లో స్క్రూ మర పట్టేది లోపలి 9 మి.మీ.లోనే. అది చాలదు.

నలుపలకల రాగి మేకు వాడండి. బెజ్జం మేకు పక్క కొలతంత ఉంటే చాలు, మూలలు మాత్రమే చెక్కను కరవాలి. బయటినుంచి కొట్టి, తల మీద బరువైన ఇనప దిమ్మె ఆనించాలి. లోపల మొన మీదికి బిగుతుగా ఎక్కే, నడుమ బెజ్జమున్న రాగి బిళ్ళ దించి, మేకును ఒకటిన్నర మి.మీ. మిగిల్చి కత్తిరించి, ఆ కొస బిళ్ళ మీద పరుచుకునేలా గుండ్రటి మూతి ఉన్న చిన్న సుత్తితో చుట్టూ తట్టాలి. తట్టడమే, బాదకూడదు. బాదితే మేకు చెక్కలోపలే వంగుతుంది. ఆ రోజు బిగుతుగానే ఉంటుంది, తర్వాత వదులవుతుంది.

ప్రశ్న: స్టీలు స్క్రూలు తుప్పు పట్టవు కదా? దిమ్మె పట్టుకోడానికి నాకు మనిషి లేడు.

ఇంకొకరి జవాబు: స్టీలును కాపాడే పైపొర నిలవాలంటే గాలి తగలాలి తమ్ముడూ. తడి చెక్కలో గాలాడక గుంటలు పడి తినేస్తుంది. నీటిమట్టానికి పైన వాడుకో, కింద వద్దు. ఇనప మేకులు కూడా రాగి పక్కన పెట్టకు, ఉప్పునీళ్ళలో ఇనుమే ముందు పోతుంది.

మనిషి లేకపోతే పై వరసలకు చెయ్యి చుట్టూ చాపితే అందుతుంది. కింది వరసలకు దిమ్మెను నేలనుంచి గుంజతో పోటు పెట్టు. ఒక్కో మేకు అయ్యాక తల పైకి లేచిందేమో వేలితో తడిమి చూడు. పాత స్క్రూ బెజ్జాలను చెక్క బిరడాలతో, జిగురుతో మూసి, కొత్తవి కాస్త పక్కకు, అదే నార వరసలో పడకుండా వెయ్యి. చీలిన పలక సంగతి: చీలిక అతుకుదాకా పాకితే ఆ పలక మార్చాల్సిందే.

ప్రశ్న అడిగినవారు: అదే చెక్క ముక్కల మీద నాలుగు మేకులు దిగ్గొట్టి, నిలువునా కోసి చూశాను అన్నా. గట్టిగా కొట్టిన రెండూ లోపల పాములా వంకర తిరిగాయి. మెల్లగా తట్టినవి నిటారుగా ఉన్నాయి. చీలిక అతుకుదాకా వెళ్ళింది, పలక విప్పేశాను. రేపటినుంచి మళ్ళీ మొదటి వరస.