పైకి చదివే కవితా? లోపల చదువుకునే కవితా?

పెదవాల్తేరు పాఠకురాలు:
కవుల్లో శ్రీశ్రీ కంటే ఇస్మాయిల్ నాకు ఎక్కువ ఇష్టమని మొన్న ఇక్కడ అంటే, "విశాఖలో ఉంటూ, శ్రీశ్రీ పుట్టిన ఊళ్లో ఉంటూ ఆ మాట ఎలా అన్నారండీ?" అని కొందరు నొచ్చుకున్నారు. అందుకే వివరంగా రాస్తున్నాను. ఎనిమిదో తరగతిలో 'మహాప్రస్థానం' గీతం గొంతెత్తి చదివి ప్రైజు తెచ్చుకున్నాను. ఆ స్టీలు గ్లాసు ఇప్పటికీ మా వంటింట్లో ఉంది. కానీ ఆ రోజు చదివినదాంట్లో చాలా మాటలకి నాకు అర్థం తెలియదు. లయే నన్ను లాక్కుపోయింది. ఇస్మాయిల్ అలా లాక్కుపోరు. కాకినాడ కాలేజీలో ఫిలాసఫీ చెప్పిన మనిషి. ఒక చెట్టునో పిట్టనో చూపించి, నాలుగు లైన్లలో ఊరుకుంటారు. మిగతాది మనమే చూసుకోవాలి. ఈ వయసులో నాకు ఆ ఊరుకోవడమే కావాలనిపిస్తోంది. సభలో చప్పట్లు కొట్టించిన కవితని ఇంటికొచ్చి ఒంటరిగా చదివితే ఎంత మిగులుతుంది?

గాజువాక నుంచి:
మేడమ్, మా నాన్నగారు స్టీల్ ప్లాంటులో పనిచేశారు. నైట్ షిఫ్టు దిగి వచ్చి, టీ తాగుతూ శ్రీశ్రీని పైకి చదివేవారు. సభ లేదు, చప్పట్లు లేవు. వినడానికి అమ్మా నేనూ అంతే. ఆ కాసేపట్లో ఆయన ముఖంలో అలసట పోయేది. మిగలడమంటే అది కాదా? ఇంకో సంగతి. 1970లో శ్రీశ్రీ షష్టిపూర్తి ఇక్కడే జరిగినప్పుడు, రచయితలు ఎటువైపో తేల్చుకోమని విశాఖ విద్యార్థులు కరపత్రం వేశారు. ఆ ఏడాదే విరసం, అంటే విప్లవ రచయితల సంఘం, పుట్టింది. చెట్టు గురించి రాసిన కవితని ఆ ప్రశ్న అడిగితే ఏం చెబుతుంది?

అక్కయ్యపాలెం పాఠకుడు:
మీరిద్దరూ ఒకే శ్రీశ్రీని పట్టుకుని మాట్లాడుతున్నారు. ఆ గీతం ఉన్న 'మహాప్రస్థానం' పుస్తకంలోనే 'భిక్షువర్షీయసి' తీసి చూడండి. దారి పక్క చెట్టు కింద ముసలి బిచ్చగత్తె, చుట్టూ ముసిరే ఈగలు. ఈమె చచ్చిపోతే ఆ పాపం ఎవరిదని గాలి అడిగి వెళ్లిపోతుంది. కుక్క ఎముక కొరుక్కుంటూ ఏమీ అనదు. తొండ ఒక ఈగని పట్టుకుని తప్పుకుంటుంది. ఎగిరొచ్చిన ఎంగిలాకు ఇది నా పాపం కాదంటుంది. అంతే, అయిపోయింది. పిలుపూ లేదు, పిడికిలీ లేదు. పుస్తకం 1950లో వచ్చినా అందులో చాలా గీతాలు ముప్పైల్లో రాసినవే. అప్పటికి ఇస్మాయిల్ బడికి వెళ్లే పిల్లాడు. మేడమ్ గారు వెతుక్కునే ఆ మౌనం అప్పుడే అక్కడ ఉంది.

పెదవాల్తేరు పాఠకురాలు:
రాత్రి మళ్లీ చదివానండీ. ఎంగిలాకు దగ్గరికి వచ్చేసరికి పుస్తకం మూసి కాసేపు అలాగే కూర్చుండిపోయాను. శ్రీశ్రీకి ఊరుకోవడం బాగా తెలుసు, ఒప్పుకుంటున్నాను. పోటీలకి ఎప్పుడూ ఆ ఒక్క గీతమే ఇచ్చిన మా పెద్దల మీద ఇప్పుడు కోపంగా ఉంది. ఈ ముసలమ్మ గురించి ఒక్కరూ చెప్పలేదు.

గాజువాక గారూ, మీ నాన్నగారి సంగతి చదివితే కళ్లు చెమర్చాయి. కానీ ఎటువైపో చెప్పాకే కవితని లోపలికి రానిస్తామంటే మాత్రం ఒప్పుకోలేను. షిఫ్టు దిగి ఇంటికి నడిచొచ్చే మనిషి దారిలో చెట్టు దగ్గర ఒక్క నిమిషం నిలబడకూడదా? ఆ నిమిషాన్ని రాసే కవి కూడా ఆయనకి కావాలి. ఇంతకీ మీ నాన్నగారు ఎక్కువగా ఏ గీతం చదివేవారు?