ఇంటి లినక్స్ నుంచి మెయిల్ బయటికి పోవడం లేదు

ప్రశ్న:
నమస్కారమండీ. పాత డెస్క్‌టాప్‌లో డెబియన్ లినక్స్ వేసి ఇంట్లో పెట్టుకున్నాను. మా అమ్మమ్మ పాడిన మంగళహారతుల రికార్డింగులు, పెళ్లి ఫోటోలు అన్నీ అందులోనే. రోజూ రాత్రి 2 గంటలకు క్రాన్ (టైముకి పనులు నడిపే ప్రోగ్రామ్) వాటిని ఇంకో డిస్కులోకి కాపీ చేస్తుంది. మొన్న చూస్తే ఆ డిస్కు కేబుల్ వదులై, 11 రోజులుగా కాపీయే కాలేదు. ఆ రాత్రంతా టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. అమ్మమ్మ గొంతు మళ్లీ దొరికేది కాదు కదా. కాపీ ఆగితే నా జీమెయిల్‌కి కబురు రావాలని పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్ వేశాను. ఒక్క మెయిలూ రాలేదు. పోవాల్సిన మెయిళ్ల వరుస చూపే మెయిల్‌క్యూ కమాండ్ కొడితే అన్నీ అక్కడే పోగుపడి ఉన్నాయి, పోర్ట్ 25 (సర్వర్ల మధ్య మెయిల్ వెళ్లే దారి), ‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అని. ఫైర్‌వాల్ ఆపినా అంతే. ఎక్కడ పొరపాటు చేశాను?

జవాబు 1:
పొరపాటు మీది కాదండీ. స్పామ్ పోకుండా ఇళ్ల బ్రాడ్‌బ్యాండ్‌లో చాలాచోట్ల 25వ పోర్టు మూసేస్తారు. తెరిపించుకున్నా లాభం తక్కువ. ఇంటి ఐపీలు ఎక్కువగా స్పామ్‌హౌస్ సంస్థ పీబీఎల్ జాబితాలో (నేరుగా మెయిల్ పంపకూడని ఐపీల జాబితా) ఉంటాయి, అవతలి సర్వర్లు గుమ్మంలోనే తిప్పి పంపేస్తాయి.

పోస్ట్‌ఫిక్స్ సెట్టింగుల ఫైలు మెయిన్ డాట్ సీఎఫ్‌లో రిలేహోస్ట్‌గా, అంటే మీ మెయిల్ అందుకుని ముందుకు పంపే సర్వర్‌గా, జీమెయిల్ ఎస్ఎంటీపీ సర్వర్‌ని, 587 పోర్టుని ఇవ్వండి. సర్వర్ పేరు చుట్టూ స్క్వేర్ బ్రాకెట్లు ఉండాలి, లేకపోతే పోస్ట్‌ఫిక్స్ ఆ పేరుకి ఎంఎక్స్ రికార్డు (మెయిల్ అందుకునే సర్వర్ ఏదో చెప్పే డీఎన్ఎస్ నమోదు) వెతుక్కుంటూ పోతుంది. టీఎల్ఎస్ (ఎన్‌క్రిప్షన్), సాస్ల్ (లాగిన్) రెండూ ఆన్ చేయండి. మామూలు పాస్‌వర్డ్ పనికిరాదు. టూ-స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకుని 16 అక్షరాల యాప్ పాస్‌వర్డ్ తీసుకోవాలి. అది రాసిన ఫైలుని పోస్ట్‌ఫిక్స్ చదివే డీబీ ఫైలుగా మార్చే పోస్ట్‌మ్యాప్ కమాండ్ కొట్టాక, పాత ఫైలుకీ కొత్త డీబీ ఫైలుకీ పర్మిషన్ 600 (ఓనర్ తప్ప ఇంకెవరూ చదవలేకుండా) పెట్టండి.

జవాబు 2:
పంపడం వరకే అయితే ఎంఎస్ఎంటీపీ అనే చిన్న ప్రోగ్రామ్ చాలు, ఒక్క చిన్న ఫైలుతో అయిపోతుంది. కాకపోతే దానికి క్యూ (పోని మెయిళ్లను దాచే వరుస) ఉండదు. ఆ నిమిషంలో నెట్ లేకపోతే మెయిల్ పోయినట్టే. పోస్ట్‌ఫిక్స్ అయితే 5 రోజులు దాచుకుని మళ్లీ మళ్లీ పంపి చూస్తుంది. మీ పనికి అదే ఉంచండి.

ఇంకో మాట. కాపీ ఆగినప్పుడే మెయిల్ రావాలని పెట్టుకోకండి. కరెంటు పోయి మెషీనే ఆగితే కబురు చెప్పేదెవరు? ‘కాపీ అయింది’ అని రోజూ వచ్చేలా పెట్టండి. పొద్దున రాలేదంటే లేచి చూస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ చాలా థాంక్సండీ. మొదట ‘నో మెకానిజం అవైలబుల్’ అంటూ మొరాయించింది. సాస్ల్ లాగిన్‌కి కావాల్సిన లిబ్‌సాస్ల్2-మాడ్యూల్స్ ప్యాకేజీ వేశాక కదిలింది. డిస్కు కేబుల్ పీకి పరీక్షించాను, నిమిషంలో ఫోన్ మోగింది. రోజూ వచ్చే మెయిల్‌లో ఎన్ని ఫైళ్లు కాపీ అయ్యాయో కూడా రాయిస్తున్నాను. ఈరోజుది 4,212.