విజయవాడకు కొత్తగా వచ్చాం: క్రైస్తవ సంఘంలో చేరే ముందు ఏయే విషయాలు అడిగి తెలుసుకోవాలి?

ప్రశ్న: పటమట గృహిణి

అందరికీ వందనాలు. మావారికి బదిలీ కావడంతో గత వేసవిలో భీమవరం నుంచి విజయవాడ వచ్చి, పటమటలో అద్దెకు ఉంటున్నాం. మాది తరతరాలుగా లూథరన్ శాఖకు చెందిన క్రైస్తవ కుటుంబం. మా అత్తగారు, మేమిద్దరం, పదమూడేళ్ల అమ్మాయి, రెండో తరగతి చదువుతున్న అబ్బాయి, అందరం మనసు నిమ్మళంగా కూర్చోగలిగే సంఘం కోసం ఆదివారాల్లో ఒక్కో చోటికి వెళ్లి చూస్తున్నాం.

వెళ్లిన ప్రతిచోటా మమ్మల్ని ఆదరంగానే చూశారు. ఇంటికి దగ్గరలో ఉన్న ఒక పెద్ద స్వతంత్ర సంఘంలో పిల్లలకు వయసుల వారీగా సండే స్కూలు తరగతులు ఉన్నాయి కనుక మా అబ్బాయి అక్కడికే వెళ్దామని పట్టుబడుతున్నాడు. అయితే అక్కడ పాటలన్నీ తెర మీద వస్తాయి. మా అత్తగారు కళ్లజోడు సవరించుకుని మొదటి పాదం చదివేలోపే చరణం మారిపోతుంది, ఒళ్లో పెట్టుకున్న ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచే పనే ఉండదు. మరొక సహవాసంలో వాక్యబోధ ఎంత చక్కగా ఉందంటే గంట దాటినా ఎవరూ కదల్లేదు. అక్కడ స్త్రీలు ఒక వైపు, పురుషులు ఒక వైపు చాపల మీద కూర్చుంటారు. మా అత్తగారి మోకాళ్ల సంగతి గమనించి ఒక అమ్మాయి అడగకుండానే గోడ పక్కన ప్లాస్టిక్ కుర్చీ వేసింది. కానీ ఆరాధన ముగిశాక ఒక పెద్దాయన ఆవిడతో, "చిన్నప్పటి చిలకరింపు బాప్తిస్మం కాదమ్మా, ముంపు బాప్తిస్మం తీసుకుంటేనే బల్లలో పాలు" అన్నారు, అంటే ప్రభువు బల్ల దగ్గర రొట్టె, ద్రాక్షారసం తీసుకోనివ్వరని. డెబ్బై దాటిన మనిషి, ఆ పూట అన్నం ముట్టలేదు. తరవాత వెళ్లిన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) గుడిలో ఆరాధన క్రమం మాకు అలవాటైన దానికి చాలా దగ్గరగా ఉంది గానీ, సంస్కారం (ప్రభువు బల్ల) సమయంలో ముందుకు వెళ్లవచ్చో లేదో తెలియక వెనక బల్లలోనే కూర్చుండిపోయాం.

చిన్నప్పుడు బాప్తిస్మం పొందినవారు పెద్దయ్యాక తమ విశ్వాసాన్ని స్వయంగా ఒప్పుకునే కన్ఫర్మేషన్ కోసం మా అమ్మాయి వెళ్తున్న తరగతులు భీమవరంలో సగంలో ఆగిపోయాయి. ఏ సంఘంలో చేరతారో చెబితే బదిలీ పత్రం పంపిస్తామని అక్కడి అయ్యగారు (పాస్టరు గారు) అంటున్నారు. క్రిస్మస్‌లోగా తేల్చేద్దామని మావారు, తొందరపడవద్దని నేను. సందర్శకులుగా ఎంతకాలం తిరిగితే మర్యాదగా ఉంటుంది, చేరే ముందు దేని గురించి విచారించాలి అనేది అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు: కొత్తపేట, గుంటూరు

అమ్మా, వందనాలు. విజయవాడలో మీకు అలవాటైన ఆరాధన ఎందుకు వెతుక్కోవలసి వస్తోందో ముందు చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో సగం చిక్కు అక్కడే ఉంది. లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారు 1842లో గుంటూరు వచ్చారు. దానికి ఒక ఏడాది ముందే, 1841లో, ఆంగ్లికన్ (ఇంగ్లండు సంఘపు) మిషనరీలు బందరులో దిగారు. ఆ కాలపు మిషన్లు ఒకరి ప్రాంతంలో మరొకరు అడుగుపెట్టకుండా సర్దుబాటు చేసుకునేవి. అందువల్ల గుంటూరు, పల్నాడు, అటు రాజమండ్రి, భీమవరం వైపు లూథరన్లు, బందరు, బెజవాడ, ఏలూరు వైపు ఆంగ్లికన్లు, ఒంగోలు వైపు అమెరికన్ బాప్తిస్టులు స్థిరపడ్డారు. మన లూథరన్ సంఘాలు 1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘంగా ఏర్పడ్డాయి. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘం అయినప్పుడు మనవారు అందులో చేరలేదు. మా గుంటూరులో అయితే లాడ్జి సెంటరు చుట్టుపక్కల నడిచినా లూథరన్ గుడి కనిపిస్తుంది. కృష్ణ దాటితే సి.ఎస్.ఐ. గుళ్లే ఎక్కువ, లూథరన్ సంఘాలు ఉన్నా దూరాభారం.

కాబట్టి ఇంటికి దగ్గరలోని సి.ఎస్.ఐ. సంఘానికి వెళ్లడం మీకు పరాయి ఇంటికి వెళ్లినట్టు కాదు. రెండు చోట్లా శిశు బాప్తిస్మాన్ని అంగీకరిస్తారు, కీర్తనల పుస్తకం కూడా ఒకటే. సంస్కారం విషయంలో, సొంత సంఘంలో కన్ఫర్మేషన్ పొందినవారిని సాధారణంగా ఆపరు. అయినా గుడికి వెళ్లే ముందే అయ్యగారికి ఫోను చేసి, ఫలానా లూథరన్ సంఘ సభ్యులమని చెప్పి అడగడం పద్ధతి. ఆ ఒక్క మాటతో వెనక బల్లలో కూర్చుని సందేహపడే పని తప్పుతుంది.

అమ్మాయి విషయం మాత్రం వాయిదా వేయకండి. లూథరన్ సంఘంలో తరగతులు చెప్పి కన్ఫర్మేషన్ ఇచ్చేది పాస్టరు గారే, సి.ఎస్.ఐ.లో సాధారణంగా బిషప్ గారు వచ్చి చేతులుంచి ఇస్తారు. ఎంతవరకు పాఠాలయ్యాయో భీమవరం అయ్యగారి చేత ఒక కాగితం మీద రాయించి తెచ్చుకుంటే, ఏ సంఘంలోనైనా మళ్లీ మొదటి నుంచి చెప్పించుకోవలసిన అవసరం రాకపోవచ్చు. దానితో పాటు అందరి బాప్తిస్మపు సర్టిఫికెట్లు కూడా తెచ్చి పెట్టుకోండి.

జవాబు: గవర్నరుపేట నుంచి ఒక సోదరి

పై పెద్దాయన చెప్పిన చరిత్ర సరైనదే గానీ, శాఖ పేరు చూసుకుని సంఘాన్ని ఎంచుకోవడం నాకు సమ్మతం కాదు. ఒకే శాఖలో, ఒకే ఊళ్లో, ఒక సంఘంలో కమిటీ ఎన్నికలు వచ్చాయంటే కోర్టు దాకా వెళ్తారు, మరొక సంఘంలో ఎన్నికలు జరిగినట్టే తెలియదు. ఆదివారం ఉదయం ప్రతి సంఘమూ ఇస్త్రీ బట్టల్లోనే కనిపిస్తుంది, అందుకని మీరు శుక్రవారం ఉపవాస ప్రార్థనకో, స్త్రీల సమాజానికో, ఎవరింట్లోనైనా జరిగే గృహ ప్రార్థనకో వెళ్లండి. అక్కడ ఆసుపత్రిలో ఉన్నవారి పేర్లు ఎవరు గుర్తుపెట్టుకుని చెబుతున్నారో, ప్రార్థన ముగిశాక వారిని చూడటానికి ఆటో ఎక్కేది ఎవరో గమనించండి. మేము ప్రస్తుతం వెళ్తున్న సంఘాన్ని నేను అలాగే ఎంచుకున్నాను. అక్కడ పాటలు ఇప్పటికీ శ్రుతిలో ఉండవు.

స్వతంత్ర సంఘం వైపు మొగ్గితే రెండు విషయాలు మొహమాటపడకుండా అడగండి. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం పెళ్లి జరిపించే అధికారం అందరు పాస్టర్లకూ ఉండదు. లైసెన్సు ఉన్నదా అని అడిగితే తెలిసిపోతుంది. మీ అమ్మాయికి ఇంకా చాలా కాలం ఉందని అనుకోవద్దు, లైసెన్సు లేని చోట పెళ్లి జరిగి, ఆ తరవాత సర్టిఫికెట్టు కోసం ఇబ్బంది పడినవారు మా బంధువుల్లోనే ఉన్నారు. రెండోది సమాధుల తోట. పాత సంఘాలకు సొంత తోటలుంటాయి, సభ్యుల పేర్లు రిజిస్టరులో ఉంటాయి. చాలా కొత్త సంఘాలకు ఆ ఏర్పాటు ఉండదు. ఇంట్లో పెద్దవారున్నప్పుడు ఈ మాట నోటికి రాదు గానీ, అవసరం పడిన రోజున పరుగులు పెట్టడం కంటే ఇప్పుడే అడగడం మేలు.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. కొత్తగా వెళ్లిన చోట "మీ ఇంటిపేరు ఏమిటి, మీ సొంతూరు ఏ పల్లె" అని ఆరా తీస్తే అది ఎప్పుడూ ఆప్యాయత కాదు. ఏ కులం నుంచి వచ్చారో తేల్చుకోవడానికి మనవారిలో ఈనాటికీ వాడే దారి అది, పాత శాఖల్లోనూ ఉంది, కొత్త సంఘాల్లోనూ ఉంది. సమాధానం విన్నాక వారి పలకరింపులో తేడా వస్తే, ఆ సంఘం గురించి ఇంకేమీ విచారించనక్కరలేదు.

జవాబు: సహవాస విశ్వాసి, సింగ్‌నగర్

సహోదరి గారికి వందనాలు. మీరు వెళ్లిన సహవాసం లాంటిదే మాదీ కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. మొదటిసారి వచ్చిన పెద్దావిడతో, అందులోనూ మోకాళ్ల నొప్పులతో కూర్చున్న ఆవిడతో, గుమ్మం దగ్గరే ఆ మాట అనడం తగదు. కానీ ఆ పెద్దాయన చెప్పినది మా సంఘాల నమ్మకమే, దాన్ని దాచిపెట్టి ఏడాది తరవాత చెప్పడం అంతకంటే అన్యాయం. ఎవరికి వారు విశ్వసించిన తరవాతే బాప్తిస్మం అని మేము నమ్ముతాం. బాప్తిస్టులు, పెంతెకొస్తు వారు కూడా ఈ విషయంలో మాతో ఏకీభవిస్తారు. అందువల్ల ఇలాంటి చోట మీ పూర్వపు బాప్తిస్మాన్ని లెక్కలోకి తీసుకోరు, బదిలీ పత్రం తెచ్చినా ఉపయోగం ఉండదు.

అలాగని వాక్యం వినడానికి ఎవరికీ అడ్డు లేదు. మా దగ్గర ఏళ్ల తరబడి వస్తూ, బల్ల సమయంలో మౌనంగా కూర్చుని, పిల్లలను ఆదివార పాఠశాలకు పంపే కుటుంబాలు ఉన్నాయి. అయితే ఒక మనవి: కుటుంబమంతా ఒకే చోట ఉండాలనే కోరికతో మీ అత్తగారిని నీళ్లలోకి దించకండి. ఆవిడకు తన బాప్తిస్మం మీద సందేహం లేనప్పుడు, ఇంట్లోవారి సౌకర్యం కోసం తీసుకునే బాప్తిస్మానికి మా నమ్మకం ప్రకారం కూడా విలువ లేదు. మా పెద్దల్లో ఎవరైనా తొందరపెడితే ఇదే మాట వారికి చెప్పండి.

జవాబు: కానూరు విద్యార్థి

మా ఇంట్లో ఉదయం నానమ్మతో పాత గుడికి, సాయంత్రం మేము యువతీయువకుల కూడికకు వేరే సంఘానికి వెళ్తాం. చాలా కుటుంబాలు ఇలాగే చేస్తున్నాయి. అందరూ ఒకే చోట సభ్యులు కావాలని ఎందుకు అనుకుంటున్నారో నాకు అర్థం కాలేదు.

జవాబు: కొత్తపేట, గుంటూరు

బాబూ, రెండు చోట్లకూ వెళ్లడంలో తప్పు లేదు. కానీ ఇంట్లో ఎవరికైనా జ్వరం వస్తే ఉదయం సంఘం వారు సాయంత్రం సంఘం చూసుకుంటుందని, వారేమో వీరు చూసుకుంటారని ఊరుకుంటారు. కనీసం ఒక్క రిజిస్టరులోనైనా మీ కుటుంబం పేరు ఉండాలి.

ప్రశ్న అడిగినవారు: పటమట గృహిణి

అందరికీ కృతజ్ఞతలు. సింగ్‌నగర్ సహోదరుని జవాబు మా అత్తగారికి చదివి వినిపించాను. రెండోసారి కూడా చదివించుకుని, "ఈయన గుడికైతే వెళ్దాం" అన్నారు. మావారితో మాట్లాడి క్రిస్మస్ గడువు మానుకున్నాం. సి.ఎస్.ఐ. అయ్యగారికి ఫోను చేశాం, అమ్మాయి పాఠాల కాగితం తీసుకుని రమ్మన్నారు. శ్రమకాలపు కూడికలు, ఈస్టరు అయ్యేవరకు అక్కడికే క్రమంగా వెళ్లి, మధ్యలో స్త్రీల సమాజం కూడా చూసి అప్పుడు చెబుతామన్నాం. అబ్బాయి సండే స్కూలు విషయం ఇంకా తేలలేదు, వాడు అలిగి ఉన్నాడు. ఒక్క సందేహం మిగిలింది: అంతవరకు బదిలీ పత్రం తెప్పించి మా దగ్గర ఉంచుకోవచ్చా?

జవాబు: కొత్తపేట, గుంటూరు

తెప్పించకండమ్మా. పత్రం రాశారంటే అక్కడ మీ పేర్లు కొట్టివేస్తారు, ఇక్కడ ఇంకా ఎక్కించి ఉండరు; ఆ మధ్యకాలంలో మీరు ఎవరికీ చెందనివారవుతారు. ఈస్టరు వరకు భీమవరం చందా బకాయి లేకుండా పంపుతూ ఉండండి, ఎక్కడ చేరేదీ తేలిన తరవాత ఇక్కడి అయ్యగారి పేరు మీదే పత్రం రాయించండి.